మార్చిలో పచ్చగా ఉన్నదంతా అడవి కాదు: బెంగళూరు చుట్టూ సహజ వృక్షసంపదకు మ్యాప్ గీయడం

బెంగళూరు చుట్టుపక్కల సహజమైన అడవి చాలామట్టుకు ఆకురాల్చే రకం. ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా బోడికొమ్మలతో నిలబడి ఉంటుంది. ఆ నెలల్లో శాటిలైట్ చిత్రంలో పచ్చగా మెరిసేవి ఎక్కువగా నీలగిరి, సరుగుడు తోటలు, శ్రీనివాసపురం వైపు మామిడి తోపులు, బోరు కింద సాగయ్యే పొలాలు. వాగుల వెంట ఉండే తెల్లమద్ది, నేరేడు మాత్రమే దీనికి ముఖ్యమైన మినహాయింపు. ఇది పట్టించుకోకుండా ఒక్క తేదీ చిత్రంతో మ్యాప్ గీస్తే నీలగిరి తోట 'దట్టమైన అడవి' అవుతుంది, సావనదుర్గ అడవి 'బీడు' అవుతుంది.

మొదట తేల్చుకోవాల్సింది ఏ మ్యాప్ కావాలన్నది. ఇప్పుడు ఏముందో చూపేది ఒకటి. మనిషి చెయ్యి పడకపోతే ఆ నేల, ఆ వానకు ఏది పెరిగేదో చూపేది ఇంకొకటి. సంరక్షణకు రెండూ కావాలి, రైతు గట్టు మీద ఏ చెట్టు పెట్టాలో చెప్పేది రెండోది. వరల్డ్ ఆగ్రోఫారెస్ట్రీ, కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయం స్థానిక సంస్థలతో కలిసి కెన్యా, ఇథియోపియా, ఉగాండా వంటి దేశాలకు చేసింది ఈ రెండో రకమే. అందులో పొలం ఏ వృక్షసంపద మండలంలో పడుతుందో చూసి అక్కడికి తగిన చెట్ల జాబితా తీసుకోవచ్చు. మన దగ్గర 1960లలో పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్, భారత వ్యవసాయ పరిశోధన మండలి కలిసి వేసిన వృక్షసంపద మ్యాప్ షీట్లు 1:10,00,000 స్కేలువి. వాటి మీద ఒక మిల్లీమీటరంటే నేల మీద కిలోమీటరు. ఏ రకం అడవి అన్న పేరు వరకు వాటిని నమ్మండి, సరిహద్దు గీతలను నమ్మకండి.

జట్టులో నలుగురు తప్పనిసరి: మొక్కలు గుర్తుపట్టేవాళ్లు, శాటిలైట్ డేటా తెలిసినవాళ్లు, అటవీశాఖ వాచర్, ఆ ఊరి గొర్రెల కాపరి. చివరి మనిషిని చాలా జట్లు మర్చిపోతాయి. ఏ గుట్ట ఎప్పుడు తగలబడిందో, ఎక్కడ కట్టె కొట్టారో తెలిసేది ఆయనకే. బన్నేరుఘట్ట జాతీయ ఉద్యానంలో పని ఉంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతికి నెలల ముందే దరఖాస్తు పెట్టండి. అది ఏనుగుల అడవి, సాయంత్రం నాలుగు లోపు బయటికి వచ్చేయాలి. విదేశీ సంస్థ భాగస్వామి అయితే ఆకు, విత్తనం నమూనాలు వాళ్ల చేతికి పోకముందే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి సంగతి తేల్చుకోవాలి.

ఊళ్లలో 'సర్వే', 'ప్లాట్' అన్న మాటలు నోట రానివ్వకండి. టేపు పట్టుకుని ఆ మాటలంటే, దేవనహళ్లి వైపైనా కోలారు వైపైనా భూసేకరణకో సైట్లు వేయడానికో వచ్చారనుకుంటారు. 'చెట్ల లెక్క' అంటే అందరికీ అర్థమవుతుంది.

ఒక్కో నమూనా గడి 20 మీటర్లు × 50 మీటర్లు, అంటే 0.1 హెక్టారు. అందులో ఛాతీ ఎత్తున చుట్టుకొలత 30 సెంటీమీటర్లు, ఆపైన ఉన్న ప్రతి చెట్టునూ కొలవాలి. లోపల పొదలకు 5 × 5 మీటర్ల గడులు రెండు, గడ్డికి 1 × 1 మీటరు గడులు నాలుగు. ఛాతీ ఎత్తంటే మన అటవీశాఖ లెక్కలో 1.37 మీటర్లు, బయటి దేశాల జట్లకు 1.3. ఏదో ఒకటి ముందే రాసి పెట్టుకోండి. చుట్టుకొలతను ఫారంలో వ్యాసం రాయాల్సిన చోట నింపడం అన్నిటికంటే తరచూ జరిగే పొరపాటు. 30 సెంటీమీటర్ల చుట్టుకొలతంటే వ్యాసం తొమ్మిదిన్నరే. వాలు మీద పొడుగు వైపును వాలుకు అడ్డంగా పరచండి, అప్పుడు 20 మీటర్ల వైపు మాత్రమే సరిచేస్తే చాలు: 20 డిగ్రీల వాలులో అది టేపు మీద 21.3 మీటర్లవుతుంది. గడి అంచు నుంచి అన్ని వైపులా కనీసం 30 మీటర్ల దాకా అదే రకం అడవి ఉండాలి. కొమ్మల కింద జీపీఎస్ ఐదు నుంచి పది మీటర్లు తప్పుతుంది, సెంటినెల్-2 అనే శాటిలైట్ చిత్రంలో ఒక్కో చుక్క, అంటే పిక్సెల్, పది మీటర్లు. అంచు మీద గడి వేస్తే పక్కనున్న రాగి చేను రంగు అడవి ఖాతాలో పడుతుంది.

జీపీఎస్ అక్షాంశ రేఖాంశాలను దశాంశాల్లోనే రాయండి. 78 డిగ్రీల రేఖాంశం బెంగళూరుకీ కోలారుకీ మధ్య నుంచి పోతుంది. అక్కడ యూటీఎం (భూమిని నిలువు పట్టీలుగా విడగొట్టి చోటును మీటర్లలో చెప్పే పద్ధతి) మండలం 43 నుంచి 44కి మారుతుంది, పరికరం తనంతట తానే మార్చేస్తుంది. ఆ అంకెలను 43లో పెట్టారా, కోలారు చెట్లు అరేబియా సముద్రంలో మొలుస్తాయి.

పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్త. కన్నడంలో హొంగె అంటే మన కానుగ, హొన్నె అంటే వేగిస. వినడానికి హొన్నె మన పొన్నలా ఉంటుంది, కానీ పొన్న వేరే చెట్టు. అందుకని ఫారంలో స్థానిక నామం, శాస్త్రీయ నామం రెండూ వేర్వేరు గడుల్లో పెట్టి, అనుమానం వచ్చిన ప్రతిదానికీ పూతతోనో కాయతోనో కొమ్మ నొక్కి ఎండబెట్టి బెంగళూరు ఐఐఎస్‌సీలోని జేసీబీ హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కల నమూనాలు దాచే చోట, పోల్చి చూసుకోండి. శాస్త్రీయ నామాలూ స్థిరం కాదు: చిరుమాను ఒకప్పుడు అనోజీసస్ లాటిఫోలియా, ఇప్పుడు టెర్మినాలియా అనోజీసియానా. సర్కారు తుమ్మ ప్రోసోపిస్ నుంచి నెల్టూమాకు మారింది. రెండు జట్లు రెండు పేర్లు వాడితే ఒకే చెట్టు రెండు జాతులుగా లెక్కకొస్తుంది.

శాటిలైట్ పనికి సెంటినెల్-2 నుంచి రెండు కాలాల చిత్రాలు తీసుకోండి: వానలు వెనకబట్టాక నవంబరు-డిసెంబరు, ఆకు రాలాక ఫిబ్రవరి-మార్చి. రెంటి మధ్య పచ్చదనం ఎంత పడిపోయిందన్నదే అసలు సంకేతం. ఇక్కడ లాంటానా అనే కలుపు పొద మోసం చేస్తుంది. పై చెట్లు బోడి అయినా తేమ దొరికిన చోట కింద అది పచ్చగా నిలిచి తేడాను మింగేస్తుంది. కాబట్టి గడిలో లాంటానా ఎంత శాతం కప్పిందో తప్పక రాయండి. గ్రామాల గుండుతోపులను సహజ అడవిగా లెక్కించకండి, ఆ మామిడి, చింత, పనస ఎవరో నాటినవి. హెసరఘట్ట లాంటి గడ్డి మైదానాన్ని 'క్షీణించిన అడవి' అని రాయడం అంతకంటే చేటు, ఆ మాట చూసి రేపు ఎవరో అక్కడ మొక్కలు నాటేస్తారు.

మ్యాప్ సరిపోయిందో లేదో చూడటానికి ఒక్కో రకానికి కనీసం 50 పరీక్ష బిందువులు ఉంచుకోండి. అన్ని పిక్సెళ్లనూ కలగలిపి డెబ్బై శాతం మ్యాప్ తయారీకి, ముప్పై శాతం పరీక్షకు విడగొట్టి 'తొంభై శాతం పైన వచ్చింది' అనుకోవడం ఆత్మవంచన. ఒకే గుట్టలోని పక్కపక్క పిక్సెళ్లు ఒకదానికొకటి నకళ్లే. గుట్టలకు గుట్టలే పరీక్షకు పక్కన పెట్టండి. మార్కులు తగ్గుతాయి, అవే నిజమైన మార్కులు.

మ్యాప్‌ను పంచుకునేటప్పుడు శ్రీగంధం, ఎర్రచందనం ఉన్న చోట్ల అక్షాంశ రేఖాంశాల అంకెలను 0.1 డిగ్రీకి కుదించండి, అంటే సుమారు 11 కిలోమీటర్లు. లేకపోతే దొంగలకు దారి మనమే చూపినట్టు.

పొలాలకు జాబితా తీసేటప్పుడు, ఆ వృక్షసంపద మండలం గడుల్లో తరచూ కనిపించినవాటిలో నుంచి రైతుకు పనికొచ్చేవి ఏరండి: గట్లకు కానుగ, వేప, నేల లోతున్న చోట వేగిస, ఉసిరి, వాగు పక్కన నేరేడు, తెల్లమద్ది. శ్రీగంధం అడిగేవాళ్లకు అది ఇతర చెట్ల వేళ్ల మీద ఆధారపడుతుందని ముందే చెప్పండి. మొదటి ఏడాది పక్కన కంది, తర్వాత కానుగ లాంటి చెట్టు ఉండాలి. విత్తనం అదే మండలంలో, కనీసం 30 తల్లిచెట్ల నుంచి, చెట్టుకీ చెట్టుకీ 50 మీటర్లకు తగ్గకుండా ఏరి, అన్నిటి నుంచీ సమానంగా కలపండి. బాగా కాసిన రెండు చెట్ల దగ్గరే బస్తా నింపుకుంటే నర్సరీ నిండా అన్నదమ్ముల మొక్కలే ఉంటాయి.