తీర్పు చదవడం నేర్చుకుందాం – 5వ పాఠం: బరువు మోసే మాట

గత పాఠంలో జరిగిన సంగతుల్ని, కోర్టు ముందున్న ప్రశ్నను విడదీసి రాసుకోవడం సాధన చేశాం. ఇవాళ్టిది కాస్త కష్టమైన మెట్టు. మనకు అడ్డంగా ఒక పాత తీర్పు ఉంది, అదీ సుప్రీంకోర్టుది. అన్యాయమని ఎంత మొత్తుకున్నా కింది కోర్టు దాన్ని దాటలేదు. అప్పుడేం చేయాలి? ఆ తీర్పు ఏ మాట మీద నిలబడిందో వెతకాలి.

ఈ విద్యలో నేను గురువుగా తలుచుకునేది అమెరికాలోని నల్లజాతి లాయరు చార్ల్స్ హామిల్టన్ హ్యూస్టన్‌ని. 1929 నుంచి హోవర్డ్ లా కాలేజీని నడిపించి, థర్‌గుడ్ మార్షల్ లాంటి శిష్యుల్ని తయారుచేశారు. ఆయనకు అడ్డంగా ఉన్నది అమెరికా సుప్రీంకోర్టు 1896లో ఇచ్చిన ప్లెసీ తీర్పు.

పెన్సిల్ తీసుకోండి. రైళ్లలో తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ "సమానమైన, కానీ వేరువేరు" పెట్టెలు ఉండాలంది లూసియానా చట్టం. సుప్రీంకోర్టు 7–1తో సరేనంది. మీరైతే ఏ మాట కింద గీత గీస్తారు? చాలామంది "వేరువేరు" కింద గీస్తారు, ఒళ్లు మండేది అక్కడే కాబట్టి. హ్యూస్టన్ పట్టుకున్నది "సమానం" అనే మాటను. "వేరు" అన్నది కోర్టు అప్పటికే ఒప్పేసుకున్న సంగతి. "సమానం" మాత్రం ప్రభుత్వం నెత్తిన ఉన్న షరతు. షరతైతే కొలవచ్చు, రుజువు చూపించమని అడగొచ్చు.

ఎక్కడ కొలవాలన్నది రెండో ప్రశ్న. లా కాలేజీల దగ్గర మొదలుపెట్టారు. చాలా రాష్ట్రాల్లో నల్లవాళ్లకు లా కాలేజీయే లేదు. సున్నాను దేనితో సమానమంటారు? పైగా లా చదువంటే ఏమిటో జడ్జీలకు ఒకరు చెప్పక్కర్లేదు. 1936లో మేరీల్యాండ్‌లో గెలిచారు. మిస్సోరీ ప్రభుత్వం గెయిన్స్ అనే నల్లజాతి విద్యార్థితో, పక్క రాష్ట్రంలో లా చదువుకో, ఫీజు మేం కడతామంది. కుదరదు, ఆ చదువేదో మిస్సోరీలోనే ఇవ్వాలని 1938లో ఆ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక 1950 నాటి స్వెట్ కేసు దగ్గర కాసేపు ఆగుదాం. హీమన్ స్వెట్ అనే నల్లజాతి విద్యార్థిని టెక్సస్ యూనివర్సిటీ లా కాలేజీలో చేర్చుకోకుండా ఉండటానికి టెక్సస్ రాష్ట్రం ఏకంగా నల్లవాళ్లకు వేరే లా కాలేజీ పెట్టింది. తీర్పులోని లెక్కలు నోట్‌బుక్‌లో ఎక్కించండి. టెక్సస్ యూనివర్సిటీ లా కాలేజీలో 850 మంది విద్యార్థులు, 65,000కు పైగా పుస్తకాలు. కొత్త కాలేజీలో 23 మంది, సుమారు 16,500 పుస్తకాలు. కోర్టు ఈ లెక్కతో ఆగలేదు. కాలేజీకున్న పేరు, పూర్వ విద్యార్థుల పలుకుబడి లాంటివి కొలతకు అందవని, అవీ సమానంలో భాగమేనని రాసింది. "సమానం" అనే మాట ఎంత పెరిగిందో చూడండి.

అదే రోజు, జూన్ 5న, మెక్‌లారిన్ తీర్పు కూడా వచ్చింది. జార్జ్ మెక్‌లారిన్ అనే నల్లజాతి విద్యార్థిని ఓక్లహోమా యూనివర్సిటీ చేర్చుకుంది గానీ, మొదట్లో క్లాసు పక్కగదిలో కూర్చోబెట్టింది. లైబ్రరీలో పై అంతస్తులో ఒక బల్ల, క్యాంటీన్‌లో విడిగా ఒక టేబుల్. పుస్తకాలు అవే, మాస్టార్లు వాళ్లే. అయినా తోటివాళ్లతో చర్చించే వీలు లేకపోతే చదువు కుంటుపడుతుందని కోర్టు తేల్చింది. లెక్కలన్నీ సరిపోయినా, వేరుగా కూర్చోబెట్టడమే అసమానమైంది! ప్లెసీని లోపలినుంచి పగలగొట్టింది ఇదేనని నా నమ్మకం. ఈ రెండు తీర్పులనూ ఆధారం చేసుకునే 1954లో బ్రౌన్ కేసులో మార్షల్ బృందం బడుల దాకా వెళ్లి, పిల్లల్ని జాతిని బట్టి వేరు బడుల్లో పెట్టడం చెల్లదని 9–0తో గెలిచింది. హ్యూస్టన్ అది చూడలేదు. 1950 ఏప్రిల్‌లోనే, ఆ జూన్ తీర్పులు కూడా రాకముందే కన్నుమూశారు. తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

ఈ వారం సాధన: మీ దగ్గరున్న ఏదైనా తీర్పు గానీ ప్రభుత్వ ఉత్తర్వు గానీ తీసుకోండి. "తగిన", "సమాన", "అయితే", "షరతుకు లోబడి" లాంటి మాటలన్నిటి చుట్టూ సున్నా చుట్టండి. ఒక్కోదాని పక్కన రాయండి: ఈ షరతు ఎవరి మీద ఉంది? దాన్ని దేనితో కొలవాలి? కొలిచి చూపించడానికి చేతిలో ఏ కాగితం ఉంది? మూడో ప్రశ్నకు జవాబు దొరక్కపోతే కంగారు పడకండి. ఆ కాగితం ఏ ఆఫీసులో ఉంటుందో రాసుకోండి, చాలు.

వచ్చే పాఠంలో ప్లెసీ తీర్పుకు ఒంటరిగా ఎదురు నిలిచిన జస్టిస్ హార్లన్ భిన్నాభిప్రాయం చదువుదాం.