పార్శ్వపు నొప్పికి నోటుపుస్తకం రాయడం ఎలా

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు ముమ్మరంగా వచ్చే రోజుల్లో ఆ ఘాటుకే తన నెత్తి నొస్తున్నదని మా వదిన ఏళ్ల తరబడి నమ్మింది. రెండు నెలలు ఒక నోటుపుస్తకంలో రాసి చూసుకుంటే, ఘాటు పీల్చినా నొప్పి రాని రోజులు చాలానే కనిపించాయి. నొప్పి వచ్చిన రోజుల్లో ఎక్కువ వాటికి ముందు రాత్రి నిద్ర చాలలేదు, లేదా పొద్దున ఏమీ తినలేదు. నొప్పి మొదలైన గంట ఒక్కటే రాస్తే సరిపోదని, దాని ముందురోజు కూడా పుస్తకంలో ఉండాలని మాకు అప్పుడు అర్థమైంది.

ముందురోజు ఎందుకో తెలియాలంటే నొప్పి ఎక్కడ పుడుతుందో చూడాలి. మెదడుకు స్వయంగా నొప్పి తెలియదు. తెలిసేది దాన్ని కప్పిన పొరలకు, ముఖ్యంగా పుర్రెను ఆనుకుని ఉండే వరాశిక అనే గట్టి పైపొరకు. ముఖం, తలలోని నొప్పిని మెదడుకు చేరవేసే త్రిధార నాడి కొసలు ఆ పొరలో పరుచుకుని ఉంటాయి. వాటి దగ్గర్లోనే, రక్తనాళాల వెంబడి, అలర్జీలో పాలుపంచుకునే మాస్ట్ కణాలు ఉంటాయి. 1878లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ రంగులద్ది చూసినప్పుడు వాటి నిండా రేణువులు కిక్కిరిసి కనిపించాయి కాబట్టి, బాగా మేసినవనే అర్థం వచ్చేలా ఆ పేరు పెట్టాడు. ఆ రేణువుల్లో హిస్టమిన్, ట్రిప్టేజ్ వంటి రసాయనాలు ఉంటాయి. చర్మంలో అవి బయటపడితే దద్దుర్లు, ముక్కులో బయటపడితే తుమ్ములు. వరాశికలోని మాస్ట్ కణాలు రేణువులను వదిలితే నొప్పిని మోసే నాడులు చాలాసేపు రేగిపోయి ఉంటాయని 2007లో బోస్టన్ పరిశోధకులు ఎలుకల్లో చూపించారు. ఈ కణాలు ఒత్తిడి హార్మోన్లకూ, ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్‌కూ స్పందిస్తాయి. మనుషుల్లో మైగ్రేన్, అంటే పార్శ్వపు నొప్పి, ఇక్కడే మొదలవుతుందని రుజువు కాలేదు గానీ, కారణానికీ నొప్పికీ నడుమ గంటలు గడవవచ్చని తెలియడం పుస్తకం రాసేవారికి చాలు.

వంద పేజీల మామూలు నోటుపుస్తకం తీసుకుని రోజుకొక పేజీ కేటాయించండి. పై సగంలో నొప్పి లేని రోజు కూడా నాలుగు సంగతులు రాయాలి: ఎన్ని గంటలకు పడుకుని ఎన్నింటికి లేచారు, ఏ పూట తిండి తప్పింది, ఎన్ని చాయలు తాగారు, ఎండలో ఎంతసేపు ఉన్నారు. ఆడవాళ్లు నెలసరి ఎన్నో రోజో కూడా రాసుకోవాలి. కింది సగం నొప్పికి: మొదలైన సమయం, ఏ పక్క, పోటుగా ఉందా, వాంతి వచ్చిందా, వెలుతురు భరించగలిగారా, ఎప్పుడు తగ్గింది. మందు వేసుకోకపోతే మైగ్రేన్ సాధారణంగా 4 నుంచి 72 గంటలు ఉంటుంది. కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనిపిస్తే ఎన్ని నిమిషాలో రాయండి. 5 నుంచి 60 నిమిషాలు మామూలు. అవి కనిపించే స్త్రీలు ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడే ముందు డాక్టరుకు ఆ సంగతి తప్పక చెప్పాలి, ఎందుకంటే పక్షవాతం ముప్పు పెరుగుతుంది.

చాలామంది పొరబడేది ఇంకొక చోట. నొప్పికి కొన్ని గంటల ముందు, ఒక్కోసారి ముందురోజే, ఆవలింతలు, మెడ పట్టేయడం, తీపి మీద ఆశ కలగవచ్చు. అప్పటికే మైగ్రేన్ మొదలైందన్నమాట. మేడారం నుంచి తెచ్చిన బంగారం, అంటే ప్రసాదపు బెల్లం, ఆ ఆశతోనే ఎక్కువ తిన్నవారు తర్వాత నొప్పికి బెల్లాన్నే తిడతారు. ఒక్కసారి జరిగిందని ఏ తిండినీ మానేయకండి. అదే తిన్నా నొప్పి రాని రోజులనూ లెక్కపెట్టండి.

మాత్రల లెక్కకు చివరి పేజీ విడిగా ఉంచండి. పారాసిటమాల్ వంటి మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, మైగ్రేన్‌కే ఇచ్చే ట్రిప్టాన్లు అనే మాత్రలు గానీ రెండు మూడు మందులు కలిసిన మాత్రలు గానీ నెలకు 10 రోజులు, మూడు నెలలకు మించి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెట్టవచ్చు. మాస్ట్ కణాల మాట విని సెటిరిజిన్ కొనుక్కునేవారూ ఉన్నారు. అలర్జీకి అది పనిచేస్తుంది గానీ మైగ్రేన్‌ను ఆపుతుందనడానికి రుజువు లేదు. 2018లో అమెరికాలో అనుమతి పొందిన, మైగ్రేన్ రాకుండా ఇచ్చే ఎరెనుమాబ్ ఇంజెక్షన్ కూడా హిస్టమిన్‌ను కాదు, నాడుల నుంచి వెలువడే సీజీఆర్‌పీ అనే పదార్థం పనిచేసే గ్రాహకాన్ని అడ్డుకుంటుంది.

పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, కాలూ చేయీ పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే పుస్తకం పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. 50 ఏళ్లు దాటాక మొదటిసారి మొదలైన తలనొప్పినీ త్వరగా డాక్టరుకు చూపించాలి.

మామూలుగా చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు పుస్తకం మొత్తం డాక్టరు చేతిలో పెట్టకండి. గడిచిన మూడు నెలల్లో నెలకు ఎన్ని రోజులు నొప్పి, ఎన్ని రోజులు మాత్ర, ఎన్ని రోజులు పని మానేశారు అన్న తొమ్మిది అంకెలను ఒక తెల్లకాగితం మీద ఎత్తి రాసి ఓపీ చీటీకి పిన్ను చేయండి. పుస్తకం సంచిలో ఉండనీయండి, అడిగితే తీయవచ్చు.