చేతిల కెమెరా పట్టుకొని ఊగని వీడియో – నా అనుభవం

వేయిస్తంభాల గుడి కాడ బతుకమ్మ తీస్తే జూమ్ చేసినప్పుడల్లా ఫ్రేమ్ వణుకుడే, పైగా అన్నీ ఒకే తీరు షాట్లు, ఎడిటింగ్‌ల ఏదీ అతకదు. సాఫ్ట్‌వేర్‌ల వణుకు తగ్గేటట్టు స్టెబిలైజ్ చేస్తే అంచులు కట్టయినయ్, ఒంటికాలి స్టాండు మోనోపాడ్‌కు ఆ గుంపుల జాగ లేదు, సస్త గింబల్ (వణుకు ఆపే మోటరు పిడి) కెమెరా బరువు ఆపలే.

పనిచేసింది ఇది: ముందుగాల మెడ బెల్టు పొట్టిగ చేసి, కెమెరాను ముందుకు నూకి బెల్టు బిర్రుగ ఉండేటట్టు పట్టిన, మోచేతులు పక్కటెముకలకు ఆనిచ్చి కాళ్లు కొంచెం ఎడం పెట్టిన. తర్వాత జూమ్ ముట్టుకోలే, లెన్స్ వైడ్ మీదనే, దగ్గర కావాల్నంటే నేనే నడిచి పోయిన. సెకనుకు 25 ఫ్రేములు, షటర్ 1/50 సెకను, మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, లైట్లు మినుక్కుమనకుండ. రికార్డ్ నొక్కినంక మనసుల పది లెక్కపెట్టేదాక కదలలే, నా లెక్కన అసలు కిటుకు ఇదే. ముందు దూరంకెళ్లి ఆటంతా, తర్వాత నడుము దాకా, తర్వాత ఉత్త చప్పట్లు కొట్టే చేతులు, తంగేడు పూలు, మళ్ల పక్కకు జరిగి ఇంకో కోణం. పాన్ చేయాల్సొస్తే, అంటే కెమెరాను పక్కకు తిప్పాల్సొస్తే, పాదాలు షాట్ ఆగే దిక్కుకు పెట్టి నడుము మీద తిరిగిన.

నడుసుకుంట తీస్తే మాత్రం ఇది పనిచేయదు. నా లెన్స్‌ల స్టెబిలైజేషన్ ఉంది, అది లేనోళ్లకు ఇంత సాఫ్‌గ రాకపోవచ్చు.