ఇంగ్లిష్ ఇడియమ్స్ బట్టీ పట్టకుండా నేర్చుకోవడం ఎలా?

బెంగళూరు మారతహళ్లిలో నేను పెళ్లికి ముందున్న పీజీ మేడ మీద ఇప్పటికీ ఆదివారం పొద్దున ఒక గంట కూర్చుంటాను. అనంతపురం నుంచి, కడప నుంచి, నెల్లూరు నుంచి కొత్తగా ఉద్యోగాలకొచ్చిన పిల్లలు ఇడ్లీ ప్లేట్లతోనే వచ్చేస్తారు. అందరి ఫోన్లలోనూ 'ఐదు వందల ఇడియమ్స్' (అంటే జాతీయాలు) అని ఒక పీడీఎఫ్ ఉంటుంది, ఎ నుంచి జెడ్ దాకా. 'బి' దాటినవాణ్ణి ఇంతవరకు చూడలేదు. ఆ పీడీఎఫ్ తీసేయించడంతోనే నా పాఠం మొదలవుతుంది.

కావలసినవి: 100 పేజీల రూళ్ల నోట్‌బుక్, ఒక పెన్ను. ఫోన్‌లో రాసుకోకూడదు. అక్కడ రాసింది స్క్రీన్‌షాట్ల కింద పడి మళ్లీ కనబడదు.

మొదటి పని: చెవిన పడ్డవే రాసుకోండి

'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అందరికీ వచ్చు, బడిలో చెప్పారు కాబట్టి. పన్నెండేళ్లుగా బెంగళూరు వానల్లో తడుస్తున్నాను, ఆఫీసులో ఒక్కరి నోటా ఆ మాట వినలేదు. రోజూ వినబడే 'బాల్‌పార్క్ ఫిగర్' మాత్రం ఎవరికీ తెలియదు. ఉజ్జాయింపు లెక్క అని దానర్థం. మేనేజర్ అది అడిగితే పైసలతో సహా లెక్క కట్టి తెల్లారేదాకా కూర్చున్నవాళ్లున్నారు.

మీటింగులో, మెయిల్లో, క్రికెట్ కామెంటరీలో మీకు తగిలినవే పట్టుకోండి. వారానికి మూడు చాలు. నాలుగోది వినబడితే వచ్చే వారం చూసుకోవచ్చు. విడి మాట కాకుండా వాక్యం మొత్తం రాయండి. ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, నవ్వుతూ అన్నారా, విసుక్కుంటూ అన్నారా అనేది పక్కన ఒక ముక్క. దీన్ని వదిలేస్తే మూడో పని దగ్గర ఇరుక్కుంటారు.

రెండో పని: ముందు ఊహించి, తర్వాత డిక్షనరీ చూడండి

కేంబ్రిడ్జ్‌దో, ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్‌దో ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతుంది. అర్థం ఒక్కటే చూసి మూసేయకండి. పక్కన 'ఇన్‌ఫార్మల్', 'ఓల్డ్ ఫ్యాషన్డ్' లాంటి మాటలుంటే అవీ ఎక్కించుకోండి.

పుట్టుక తెలిస్తే మరిచిపోరు. 1880ల్లో అమెరికాలో వాన వల్ల బేస్‌బాల్ ఆట ఆగిపోతే, ఇంకో రోజు వచ్చి చూసేందుకు చీటీ ఇచ్చేవారు. అదే రెయిన్ చెక్. మావాడొకడు టీమ్ లీడ్‌ను బిర్యానీకి పిలిస్తే ఆవిడ "ఐ విల్ టేక్ ఎ రెయిన్ చెక్" అన్నారు. వీడు కిటికీలోంచి ఆకాశం చూసి, వాన లేదు మేడమ్ అన్నాడు. ఇప్పుడు కాదు, మరోసారి వస్తానని ఆవిడ మర్యాదగా చెప్పిన మాట అది. అలాగే 'బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్' అంటే వకీలును వెతుక్కోనక్కర్లేదు. అది టెన్నిస్ కోర్టు. ఇక చేయాల్సింది మీరేనని అర్థం.

మూడో పని: తెలుగు జత వెతకండి, అదీ జాగ్రత్తగా

అందరూ తప్పేది ఇక్కడే. కాబట్టి నిదానంగా చదవండి.

కొన్నిటికి జత ఇట్టే దొరుకుతుంది. 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అంటే మన 'అమావాస్యకో పున్నానికో'. ఒకే ఇంగ్లిష్ నెలలో రెండు పౌర్ణములు పడితే రెండోదాన్ని బ్లూ మూన్ అంటారు. రెండున్నర, మూడేళ్లకోసారి వస్తుంది, ఇంచుమించు మన అధికమాసంలాగే. 2023లో అధిక శ్రావణం వచ్చింది, ఆ ఆగస్టులోనే రెండు పౌర్ణములూ పడ్డాయి. మా అమ్మకు ఈ ఇడియమ్ చెప్పడానికి నాకు అర నిమిషం పట్టింది. పీడీఎఫ్‌తో ఎవరైనా చెప్పగలరేమో చూడండి.

ఈ సుఖానికి అలవాటుపడి ప్రతిదాన్నీ మాటకు మాట తిప్పితే దెబ్బతింటారు. కిందటేడు కడప కుర్రాడొకడు రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. "అన్నా, మేనేజర్ నన్ను పెద్ద మాట అనేశాడు. నేను ఎవరి కాళ్లూ లాగలేదన్నా." ఏం జరిగిందని అడిగితే, కొత్తగా తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌లో ఒక్క బగ్గూ, అంటే తప్పూ, లేదని వీడు కాల్‌లో చెప్పాడట. అటువైపున్న ఆ మేనేజర్, అమెరికా ఆయన, నవ్వి "ఆర్ యూ పుల్లింగ్ మై లెగ్?" అన్నాడట. కాళ్లు పట్టి లాగడమంటే మనకు పైకెక్కేవాణ్ణి కిందికి ఈడ్చడం. ఆయన అడిగింది 'నన్ను ఆటపట్టిస్తున్నావా?' అని. నేను ఇది చెప్పేసరికే వీడు క్షమాపణ మెయిల్ పెట్టేశాడు.

అందుకే నోట్‌బుక్‌లో ముందు రాసిన 'నవ్వుతూ అన్నారా' అనే ముక్క చూడమంటాను. నవ్వుతూ అన్న మాటకు తిట్టు జత కుదిరిందంటే మీ జతే తప్పు.

దగ్గరి జతలు ఇంకా ప్రమాదం. 'స్పిల్ ది బీన్స్' పక్కన 'నోట్లో నువ్వుగింజ నానదు' అని రాసుకొచ్చింది ఒకమ్మాయి. అక్కడా గింజే, ఇక్కడా గింజే, చూడముచ్చటగా ఉంది. కానీ నువ్వుగింజ మాట మనిషి స్వభావం గురించి. ఇంగ్లిష్ మాట ఆ ఒక్కసారి గుట్టు బయటపెట్టడం గురించి. ఒక్కసారి నోరు జారినవాణ్ణి జీవితమంతా వాగుడుకాయను చేయకూడదు కదా. కొట్టేసి 'గుట్టు రట్టు చేయడం' అని రాయించాను.

ఎవరి దగ్గర అనొచ్చనేది కూడా జతలోనే తూచుకోవాలి. 'కిక్ ది బకెట్'కు మన 'బాల్చీ తన్నేశాడు' అచ్చంగా సరిపోతుంది, వెటకారంతో సహా. పోయినవాళ్లింటికి వెళ్లి ఆ మాట అనరు కదా, సెలవు మెయిల్లోనూ రాయకండి.

చివరిగా, దేశం పేరు రాసుకోండి. 'టేబుల్ ఇట్' అంటే బ్రిటన్‌లో, మన పార్లమెంటులో, చర్చకు తీసుకురావడం. అమెరికాలో చర్చ ఆపి పక్కన పెట్టడం. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ఒక్క మాట మీద రెండు దేశాల అధికారులూ చాలాసేపు వాదించుకున్నారని, తీరా చూస్తే ఇద్దరు కోరిందీ ఒకటేనని అప్పటి బ్రిటన్ ప్రధాని చర్చిల్ రాశాడు. మీ క్లయింటు లండన్‌వాడో డల్లాస్‌వాడో తెలియకుండా ఈ మాట ముట్టుకోవద్దు.

నాలుగో పని: మూడుసార్లు విన్నాక ఒకసారి వాడండి

మొదట టీ దగ్గర తోటివాళ్లతో. మేనేజర్‌తో తర్వాత. క్లయింటు మెయిల్లో ఆరు నెలల దాకా వద్దు. మాటలు మార్చకండి. బకెట్ బకెట్టే, దాన్ని డ్రమ్ము చేస్తే అర్థం పోతుంది. వాడిన రోజు ఆ పేజీ మూలన తేదీ వేయండి. మూడు నెలలైనా తేదీ పడని పేజీ ఉంటే చింపేయండి, మీ ఆఫీసులో ఆ మాటతో పని లేదు.