ఈ-రీడర్ కొనే ముందు ఒక కాగితం ముక్క కత్తిరించండి

ఆర్కే బీచ్‌లో పొద్దుటి ఎండకు కూర్చుని ఫోనులో నవల తెరిస్తే తెర మీద మన ముఖమే కనిపిస్తుంది. పుస్తకాలు చదవడానికే చేసిన ఈ-రీడర్‌లో ఉండే ఈ-ఇంక్ తెర కాగితంలా బయటి వెలుతురుతోనే చదివిస్తుంది, చార్జింగ్ కూడా వారాల తరబడి నిలుస్తుంది. అంతవరకు బాగానే ఉంది.

మీరు చదివేవి ఏమిటన్నదే అసలు ప్రశ్న. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలోని పాత తెలుగు పుస్తకాలు చాలావరకు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు, అంటే బొమ్మలు. ఈపబ్ అనే రకం ఈ-పుస్తకంలో అక్షరం పెంచితే వరుసలు సర్దుకుంటాయి, వీటిలో సర్దుకోవు. 6 అంగుళాల తెర అంటే సుమారు 9 సెంటీమీటర్ల వెడల్పు, 12 ఎత్తు. ఆ కొలతకు కాగితం కత్తిరించి కంప్యూటర్ తెరకు ఆనించి, పేజీని అంతకు కుదించి చదవండి. వత్తులు అలుక్కుపోతే 10 అంగుళాలదో, టాబ్లెట్టో చూసుకోవాలి. ఈపబ్‌లే చదివేవారికి ఈ తంటా లేదు, చిన్నదే హాయి.