కెనడా స్పౌజల్ స్పాన్సర్‌షిప్, ఓపెన్ వర్క్ పర్మిట్: ఫారాలు నింపే ముందు, నింపేటప్పుడు

ఫారం తెరిచే ముందు ఒక సంగతి తేల్చుకోండి, మీకు కావలసింది ఏ ఓపెన్ వర్క్ పర్మిట్ (ఏ ఎంప్లాయర్ దగ్గరైనా పని చేసుకోనిచ్చే అనుమతి)? మనవాళ్ళలో చాలామంది రెండింటిని కలిపేస్తారు. భర్తో భార్యో కెనడాలో చదువుతున్నందుకో, వర్క్ పర్మిట్ మీద పనిచేస్తున్నందుకో రెండోవాళ్ళకు వచ్చేది ఒక రకం. దాని రూల్స్ 2025 జనవరి 21 నుంచి బాగా బిగించారు. స్టూడెంట్ అయితే 16 నెలలు లేదా అంతకంటే ఎక్కువ ఉన్న మాస్టర్స్, పీహెచ్‌డీ, కొన్ని ప్రొఫెషనల్ కోర్సులు చదివేవాళ్ళ జీవిత భాగస్వాములకే ఇస్తున్నారు. నేను ఇక్కడ చెప్పేది రెండో రకం గురించి, అంటే ఒకరు పీఆర్ (కెనడాలో శాశ్వత నివాస హక్కు ఉన్నవాళ్ళు) లేదా సిటిజన్, ఇంకొకరిని పీఆర్ కోసం స్పాన్సర్ చేస్తున్నారు, ఆ ఫైలు నడుస్తుండగా పని చేసుకోవడానికి తీసుకునే పర్మిట్. వాట్సాప్ గ్రూపులో ఎవరో మొదటి రకం గురించి చెప్పిన రూల్ చూసి రెండో రకం వాళ్ళు భయపడటం, అనవసరంగా ఆగిపోవడం జరుగుతోంది.

తర్వాత తేల్చుకోవలసింది ఇన్‌ల్యాండా (కెనడాలో కలిసి ఉంటున్నవాళ్ళ క్లాస్‌లో వేయడం), అవుట్‌ల్యాండా (ఫ్యామిలీ క్లాస్‌లో, బయటి దేశంలో ఉన్నా వేయగలిగేది) అన్నది. ఇద్దరూ కెనడాలో కలిసి ఉంటుంటే ఏదైనా ఎంచుకోవచ్చు, వేరే దేశంలో ఉంటే అవుట్‌ల్యాండ్ ఒక్కటే దారి. ఇన్‌ల్యాండ్‌లో వేస్తే స్పాన్సర్‌తో కలిసి కెనడాలోనే ఉండాలి, మధ్యలో ఊరికి వెళ్ళి తిరిగి లోపలికి రాలేకపోతే ఫైలుకే ముప్పు. పైగా రిజెక్ట్ అయితే ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కి వెళ్ళే హక్కు ఉండదు, ఫెడరల్ కోర్టు ఒక్కటే మిగులుతుంది. అవుట్‌ల్యాండ్‌లో ఆ అప్పీల్ హక్కు ఉంది, ప్రయాణాలకూ ఇబ్బంది తక్కువ. ఒకప్పుడు ఓపెన్ వర్క్ పర్మిట్ కోసమే అందరూ ఇన్‌ల్యాండ్ వేసేవారు. 2023 మేలో ఐఆర్‌సీసీ (కెనడా ఇమిగ్రేషన్ శాఖ) అవుట్‌ల్యాండ్ వేసి కెనడాలో స్పాన్సర్‌తో ఉంటున్నవాళ్ళకు కూడా పర్మిట్ ఇవ్వడం మొదలుపెట్టాక ఆ కారణం పోయింది. అమ్మానాన్నలకు ఒంట్లో బాగోక ఎప్పుడైనా ఇండియా పరిగెత్తాల్సి రావచ్చు అనుకునేవాళ్ళకు నేనైతే అవుట్‌ల్యాండే మేలంటాను.

స్పాన్సర్ అర్హత మీద ఎక్కువ చెప్పను. 18 ఏళ్ళు నిండాలి, పీఆర్ అయితే కెనడాలోనే ఉంటూ ఉండాలి, సిటిజన్ అయితే బయట ఉన్నా భాగస్వామికి పీఆర్ వచ్చాక తిరిగొచ్చి ఉంటామని చూపించాలి. వైకల్యం కారణంగా తప్ప ప్రభుత్వ సోషల్ అసిస్టెన్స్ తీసుకుంటూ ఉండకూడదు. భార్యనో భర్తనో స్పాన్సర్ చేయడానికి మామూలుగా కనీస ఆదాయం నిబంధన లేదు, దీని గురించి చాలామందికి లేనిపోని టెన్షన్. కానీ స్పాన్సరే ఒకప్పుడు స్పౌజ్‌గా స్పాన్సర్ అయి వచ్చినవాళ్ళయితే, పీఆర్ వచ్చిన రోజు నుంచి 5 ఏళ్ళు దాటాలి. క్యూబెక్‌లో ఉంటే ఆ ప్రావిన్స్ ప్రక్రియ వేరుగా ఉంటుంది, ఇక్కడ చెప్పేది మిగతా ప్రావిన్సుల సంగతి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. పీఆర్‌కి అప్లై చేసినప్పుడు పెళ్ళి కాలేదు, ల్యాండింగ్ (పీఆర్‌గా కెనడాలో అడుగుపెట్టడం) లోపు పెళ్ళి చేసుకున్నారు, ఆ సంగతి ఐఆర్‌సీసీకి చెప్పకుండా సింగిల్‌గానే ల్యాండ్ అయ్యారు. ఇలాంటివాళ్ళు ఇప్పుడు ఆ భార్యనో భర్తనో మామూలుగా ఫ్యామిలీ క్లాస్‌లో స్పాన్సర్ చేయలేరు, రూల్ 117(9)(డి) అడ్డొస్తుంది. మీ కేసు ఇలాంటిదైతే సొంతంగా ఫారాలు నింపడం ఇక్కడే ఆపి, లాయర్ దగ్గరికి వెళ్ళండి. అలాగే వధూవరుల్లో ఒకరు వీడియో కాల్‌లో ఉండగా జరిగిన పెళ్ళిని కూడా స్పాన్సర్‌షిప్‌కి లెక్కలోకి తీసుకోరు, ఇద్దరూ పెళ్ళి చోట స్వయంగా ఉండాలి.

ముందు తేదీల కాగితం

ఫారం కంటే ముందు ఒక కాగితం మీదో ఎక్సెల్‌లోనో తేదీలన్నీ రాసుకోండి. ఇద్దరివీ. గత 10 ఏళ్ళలో ఏ నెల నుంచి ఏ నెల వరకు ఏ అడ్రస్‌లో ఉన్నారు, ఏం చదివారు, ఎక్కడ పనిచేశారు, ఎక్కడ ఖాళీగా ఉన్నారు, ఏ దేశం ఎప్పుడు వెళ్ళారు, మొదటిసారి మాట్లాడుకున్నది, పెళ్ళిచూపులు, నిశ్చితార్థం, పెళ్ళి, రిజిస్ట్రేషన్, కలిసి ఉండటం మొదలుపెట్టిన రోజు. ఇవే తేదీలు నాలుగైదు ఫారాల్లో నాలుగైదు రకాలుగా అడుగుతారు. పోయినసారి స్టూడెంట్ వీసాకో విజిటర్ వీసాకో రాసిన వివరాలు కూడా వాళ్ళ దగ్గర ఉంటాయి, కాబట్టి పాత అప్లికేషన్ కాపీ ఉంటే పక్కన పెట్టుకుని సరిపోల్చండి. ఆఫీసర్ అనుమానపడేది సాధారణంగా పెద్ద అబద్ధం చూసి కాదు, ఒక ఫారంలో మార్చి అనీ ఇంకో ఫారంలో జూన్ అనీ ఉండటం చూసి. పాతదాంట్లో తప్పు రాసి ఉంటే దాన్ని దాచకుండా ఒక లెటర్‌లో ఇదీ సంగతి అని వివరించి జత చేయండి. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే 5 ఏళ్ళ నిషేధం పడుతుంది, అది భార్యాభర్తల్ని విడదీసే శిక్ష.

ఏ ఫారంలో ఏం చూసుకోవాలి

2022 సెప్టెంబర్ 23 నుంచి దాదాపు అందరూ పీఆర్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గానే వేయాలి. ఐఎంఎం 0008 (పీఆర్ అసలు ఫారం), ఐఎంఎం 5669 (గత చరిత్ర), ఐఎంఎం 5406 (కుటుంబ వివరాలు) పోర్టల్‌లోనే నింపుతారు, ఐఎంఎం 1344 (స్పాన్సర్ ఫారం), ఐఎంఎం 5532 (మీ బంధం వివరాలు) పీడీఎఫ్‌లుగా నింపి అప్‌లోడ్ చేస్తారు. పీడీఎఫ్ బ్రౌజర్‌లో తెరిస్తే "ఆగండి" అన్న మెసేజ్ తప్ప ఏమీ కనిపించదు. డౌన్‌లోడ్ చేసి కంప్యూటర్‌లో అడోబీ రీడర్‌తో తెరవండి, ఫోన్‌లో ప్రయత్నించి టైం వృథా చేసుకోకండి.

1344 అనేది స్పాన్సర్ ఫారం, భాగస్వామికి పీఆర్ వచ్చిన రోజు నుంచి 3 ఏళ్ళు వాళ్ళ బాధ్యత నాది అని రాసిచ్చే ఒప్పందం. తర్వాత విడిపోయినా ఆ బాధ్యత పోదు, సంతకం పెట్టే ముందు ఇద్దరూ చదువుకోండి. మొదట్లోనే ఒక ప్రశ్న వస్తుంది, స్పాన్సర్‌కి అర్హత లేదని తేలితే ఫైలు వెనక్కి తీసుకుంటారా, కొనసాగిస్తారా అని. వెనక్కి తీసుకుంటే స్పాన్సర్‌షిప్ ఫీజు తప్ప మిగతా డబ్బు తిరిగొస్తుంది, అప్పీల్ హక్కు కావాలంటే కొనసాగించాలి. ఎక్కువమందికి మొదటిదే సరిపోతుంది.

5669లో గత 10 ఏళ్ళ చరిత్రలో ఒక్క నెల కూడా ఖాళీ ఉండకూడదు. డిగ్రీ అయ్యాక ఇంట్లో ఉండి కోచింగ్ తీసుకున్న నెలలు, పెళ్ళయ్యాక ఉద్యోగం మానేసి ఉన్న నెలలు, అన్నీ రాయాలి. ఉద్యోగం లేకపోతే లేదు అనే రాయండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఖాళీ వదిలితేనే ఫైలు వెనక్కి వస్తుంది. అడ్రస్‌లకు కూడా ఇదే పద్ధతి, హాస్టళ్ళు, పీజీలు కూడా లెక్కే. 5406లో అమ్మానాన్నలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అందరూ రావాలి, చనిపోయినవాళ్ళు కూడా. వాళ్ళ పేరు పక్కన చనిపోయిన తేదీ, ఊరు రాస్తారు.

పేరు దగ్గర మనవాళ్ళకు ప్రత్యేకంగా చిక్కులు వస్తాయి. ఇంటిపేరు పాస్‌పోర్ట్‌లో ఎక్కడ ఉందో అక్కడే రాయండి, ఇనిషియల్‌తో సరిపెట్టకండి. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు గివెన్ నేమ్‌లోనే ఉంటే, ఐఆర్‌సీసీ ఫారంలో ఆ పేరంతా ఫ్యామిలీ నేమ్ గడిలో వేసి గివెన్ నేమ్ ఖాళీగా వదలాలి. పెళ్ళి సర్టిఫికెట్‌లో ఒకలా, టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంటే వేరే పేర్లు అడిగే చోట అన్నీ చూపించండి.

5532 దగ్గర ఆగి రాయండి

ఫైలు మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది దీనికే, అందరూ తొందరగా ముగించేది కూడా దీన్నే. మీ బంధం నిజమైనదా, లేక ఇమిగ్రేషన్ కోసం చేసుకున్నదా అని ఆఫీసర్ చూసేది ఇక్కడ. ఎవరి ద్వారా పరిచయం, మొదట ఎప్పుడు మాట్లాడుకున్నారు, ఎప్పుడు ఎదురెదురుగా కలిశారు, పెళ్ళికి ఎవరెవరు వచ్చారు, ఇప్పుడు ఎలా ఉంటున్నారు, ఇవన్నీ అడుగుతారు.

పెద్దలు కుదిర్చిన పెళ్ళి అయితే, దాన్ని ప్రేమకథలా మార్చి రాయాల్సిన పని ఎంతమాత్రం లేదు. మేనమామ సంబంధం తెచ్చాడు, మ్యాట్రిమొనీ సైట్‌లో అమ్మ చూసింది, జాతకాలు కలిశాయి, పెళ్ళిచూపుల్లో అరగంట మాట్లాడుకున్నాం, తర్వాత ఫోన్లో రోజూ మాట్లాడుకుని సరే అనుకున్నాం, ఇలా జరిగింది జరిగినట్టు రాయండి. కాకపోతే ఆఫీసర్‌కి మన పద్ధతి తెలిసి ఉంటుందని అనుకోకండి, పెళ్ళిచూపులంటే ఏమిటో, నిశ్చితార్థం ఎందుకు చేస్తారో ఒక్క వాక్యంలో చెప్పండి. కుదిరిన నెలలోపే పెళ్ళి జరిగితే ఎందుకంత తొందరో రాయండి, స్పాన్సర్ లీవు అయిపోతుందనో, ఆ తర్వాత ముహూర్తాలు లేవనో. రెండో పెళ్ళి, వయసులో ఎక్కువ తేడా, ఇంట్లోవాళ్ళు పెళ్ళికి రాకపోవడం, ఇలాంటివి ఉంటే వాళ్ళు అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పేయండి. గడిలో చోటు చాలకపోతే వేరే కాగితం జత చేయొచ్చు. ఇంటర్నెట్‌లో దొరికే నమూనా లెటర్లు మాత్రం వాడకండి, మీ ఇద్దరికీ మాత్రమే తెలిసిన చిన్న విషయాలు అందులో ఉండవు.

ఫోటోలు మండపంలో తీసినవే వందలు పెట్టడం కంటే, నిశ్చితార్థం, పెళ్ళి, అత్తగారిల్లు, కలిసి వెళ్ళిన ఊళ్ళు, మామూలు రోజులు, ఇలా కాలం తెలిసేలా కొన్ని ఎంచుకుని కింద తేదీ, చోటు, ఎవరెవరున్నారో రాయండి. శుభలేఖ పెట్టండి. చాట్‌లు అయితే అన్ని నెలల నుంచి కొద్దికొద్దిగా తీసుకోండి, ఒకే వారానివి కాదు. ఐఎంఎం 5533 చెక్‌లిస్ట్‌లో ఏది ఎన్ని పెట్టాలో ఉంటుంది, దాన్ని దాటకండి.

రిజిస్ట్రార్ ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్ తప్పనిసరిగా ఉండాలి. తెలుగులో ఉన్న ఏ పత్రానికైనా ఇంగ్లిష్ లేదా ఫ్రెంచ్ అనువాదం కావాలి. సర్టిఫైడ్ ట్రాన్స్‌లేటర్ కాకపోతే అఫిడవిట్ కూడా జత చేయాలి, కుటుంబ సభ్యులు అనువదిస్తే చెల్లదు. 18 ఏళ్ళు దాటాక, గత 10 ఏళ్ళలో వరుసగా 6 నెలలు లేదా అంతకు మించి ఉన్న ప్రతి దేశం నుంచీ పోలీస్ సర్టిఫికెట్ కావాలి, కెనడాది అక్కర్లేదు. గల్ఫ్‌లోనో అమెరికాలోనో పనిచేసి వచ్చినవాళ్ళు ఇది ముందే మొదలుపెట్టండి, అన్నిటికంటే ఆలస్యమయ్యేది అదే.

2024 ఏప్రిల్ 30న నిర్ణయించిన లెక్క ప్రకారం స్పాన్సర్‌షిప్ ఫీజు 85 డాలర్లు, ప్రాసెసింగ్ 545, పీఆర్ హక్కు ఫీజు 575, మొత్తం 1,205 కెనడా డాలర్లు, బయోమెట్రిక్స్‌కి (వేలిముద్రలు, ఫోటో) ఇంకో 85. రెండేళ్ళకోసారి పెంచుతారు కాబట్టి కట్టే రోజు ఐఆర్‌సీసీ ఫీజుల పేజీ చూసి కట్టండి, తక్కువ కడితే ఫైలు ఆగిపోతుంది.

ఇక వర్క్ పర్మిట్

ఫైలు వేశాక ఏఓఆర్ అనే లెటర్ వస్తుంది, మీ అప్లికేషన్ పూర్తిగా ఉంది, తీసుకున్నాం అని. ఓపెన్ వర్క్ పర్మిట్‌కి ఆ లెటరే ఆధారం. దీనికి ఫారం ఐఎంఎం 5710, వేసేది పీఆర్ పోర్టల్‌లో కాదు, మామూలు ఐఆర్‌సీసీ అకౌంట్‌లో. నింపాక వాలిడేట్ బటన్ నొక్కాలి, బార్‌కోడ్ పేజీ వస్తేనే ఫారం పూర్తయినట్టు. పర్మిట్ రకం దగ్గర ఓపెన్ అని ఎంచుకుంటారు, ఎంప్లాయర్ వివరాలు ఉండవు, ఎల్‌ఎమ్‌ఐఏ (విదేశీయుణ్ణి పనిలో పెట్టుకోవడానికి ఎంప్లాయర్ ప్రభుత్వం నుంచి తెచ్చుకునే పత్రం) అవసరం లేదు. ఫీజు పర్మిట్‌కి 155, ఓపెన్ పర్మిట్ హోల్డర్‌కి 100, మొత్తం 255 డాలర్లు. ఏఓఆర్‌తో పాటు పాస్‌పోర్ట్, ఇప్పుడున్న పర్మిట్ లేదా విజిటర్ రికార్డ్ (విజిటర్‌గా ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే పత్రం), స్పాన్సర్‌తో ఒకే అడ్రస్‌లో ఉంటున్నారని చూపే లీజు, బిల్లు పెట్టండి. ఐఎంఎం 1344లో ఒక అడ్రస్, 5710లో ఇంకో అడ్రస్ ఉండకుండా చూసుకోండి. పాస్‌పోర్ట్ గడువు దగ్గర పడి ఉంటే ముందు రెన్యూ చేయించుకోండి, పర్మిట్ ఆ గడువు దాటి ఇవ్వరు.

స్టేటస్ (కెనడాలో చట్టబద్ధంగా ఉండే అనుమతి) సంగతి అన్నిటికంటే ముఖ్యం. ఏఓఆర్ వచ్చేలోపు మీ స్టేటస్ అయిపోయేలా ఉంటే దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి, గడువు ముగిసే లోపే ఐఎంఎం 5708తో విజిటర్‌గా పొడిగింపుకు వేయండి. గడువు లోపు వేస్తే నిర్ణయం వచ్చేదాకా చట్టబద్ధంగా ఉండొచ్చు. గడువు దాటిపోతే స్టేటస్ తిరిగి పొందడానికి 90 రోజులు మాత్రమే ఉంటాయి. ఇప్పటికే వర్క్ పర్మిట్ ఉండి, అది ముగిసేలోపు 5710 వేస్తే పాత షరతుల మీదే పని కొనసాగించవచ్చు. విజిటర్‌గా ఉన్నవాళ్ళు మాత్రం పర్మిట్ చేతికి వచ్చేదాకా ఒక్క రోజు కూడా పని చేయకూడదు, క్యాష్ ఇస్తామన్నా సరే. పాత పర్మిట్ అయిపోయి నిర్ణయం కోసం చూస్తున్న సమయంలో దేశం దాటి వెళ్తే, తిరిగొచ్చాక పర్మిట్ వచ్చేదాకా పని చేయడానికి వీల్లేదు, టికెట్లు కొనేముందు ఇది గుర్తుంచుకోండి.

ఆసుపత్రులు, డే కేర్, స్కూళ్ళలో పని చేయాలనుకునేవాళ్ళకు మెడికల్ పరీక్ష అవసరం. అది లేకుండా పర్మిట్ వస్తే ఆ ఉద్యోగాలు చేయకూడదని దాని మీదే రాసి ఉంటుంది. కాబట్టి నర్సింగ్ చదివినవాళ్ళు పర్మిట్ రాగానే షరతుల పెట్టె చదవండి. తర్వాత సర్వీస్ కెనడాలో సిన్ నంబర్ (ఉద్యోగానికి, పన్నులకు కావలసిన ప్రభుత్వ సంఖ్య) తీసుకోవాలి, 9తో మొదలవుతుంది, పర్మిట్ ఎప్పటిదాకా ఉందో అదీ అప్పటిదాకే, పర్మిట్ మారినప్పుడల్లా దాన్నీ అప్‌డేట్ చేయించాలి.

ఎవరికైనా డబ్బిచ్చి చేయించుకుంటే వాళ్ళకు కన్సల్టెంట్ల కాలేజీలో సభ్యత్వమో, లాయర్ లైసెన్సో ఉందో లేదో చూసి, ఐఎంఎం 5476లో (మీ ప్రతినిధి ఎవరో తెలిపే ఫారం) వాళ్ళ పేరు పెట్టించండి. పేరు పెట్టడానికి ఒప్పుకోనివాళ్ళ చేతికి ఫైలు ఇవ్వకండి. వాళ్ళు నింపినా కిందన సంతకం మీదే, కాబట్టి సబ్మిట్ చేసే ముందు ప్రతి పేజీ అడిగి తీసుకుని చదవండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఇల్లు మారినా, బిడ్డ పుట్టినా, కొత్త పాస్‌పోర్ట్ వచ్చినా ఐఆర్‌సీసీ వెబ్‌ఫారంలో వెంటనే తెలియజేయండి. పీఆర్, వర్క్ పర్మిట్, రెండు ఫైళ్ళకూ విడివిడిగా, ఏ ఫైలు నంబర్ దానికే వేసి పంపండి.