విశాఖలో కిటికీ ఎప్పుడు తీయాలి, ఎప్పుడు మూయాలి: గాలి దిక్కు చూసి తేల్చుకునే పద్ధతి

ఫోన్‌లో ఏక్యూఐ (గాలి ఎంత చెడిందో చెప్పే సూచీ) 140 కనిపించింది కదా, పర్లేదులే అని తెల్లవారుజామునే కిటికీలు బార్లా తీయకండి. ఆ లెక్కలో ధూళికి తీసుకునేది గడిచిన 24 గంటల సగటు. విశాఖలో చలికాలం పొద్దున 6 గంటలకి ఉండే గాలి వేరు, మధ్యాహ్నం 2 గంటలకి ఉండే గాలి వేరు. పైగా రామ్‌నగర్‌లో గాలి కొలిచే స్టేషన్‌లో కొలిచింది రామ్‌నగర్ గాలిని. జ్ఞానాపురంలోనో మల్కాపురంలోనో మీ వంటింటి కిటికీలోంచి వచ్చేది దానికి చాలా తేడాగా ఉండొచ్చు.

అందుకని ఏక్యూఐ అంకెతో ఆగకుండా, సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) వెబ్‌సైట్‌లో స్టేషన్ పేరు మీద నొక్కి, గంటగంటకీ వచ్చే పీఎం 2.5 (2.5 మైక్రాన్ల లోపు సన్నటి ధూళి), పీఎం 10 (10 మైక్రాన్ల లోపు ధూళి) రీడింగులు విడివిడిగా చూడండి. మన దేశ ప్రమాణం 24 గంటల సగటుకి ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 అయితే 60 మైక్రోగ్రాములు, పీఎం 10 అయితే 100. ఈ రెండింటి మధ్య తేడా చాలా సంగతులు చెబుతుంది. పీఎం 10 బాగా పెరిగి పీఎం 2.5 అంతగా పెరగకపోతే అది దుమ్ము: రోడ్డు మట్టి, కట్టుబడి పనులు, పోర్టు యార్డుల్లోని బొగ్గు, ఖనిజం, కొంత సముద్రపు ఉప్పు. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే పొగ: వాహనాలు, చెత్త మంటలు, చిమ్నీలు.

ఇక గాలి దిక్కు. ఎటు నుంచి వస్తే గాలికి ఆ దిక్కు పేరే. నైరుతి గాలి అంటే నైరుతి నుంచి వచ్చేది. యాప్‌లో బాణం మాత్రం చాలాసార్లు గాలి వెళ్లే వైపు చూపిస్తుంది, అక్కడ తికమక పడకండి. ఇంకో పొరపాటు ఈ ఊళ్లో అందరూ చేసేదే: బీచ్ రోడ్డులో సముద్రానికి ఎదురుగా నిలబడి అదే తూర్పు అనుకోవడం. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంటుంది కాబట్టి సముద్రం ఉన్నది ఆగ్నేయంలో. ఫోన్ దిక్సూచితో ఒకసారి సరిచూసుకుని, డాబా మీద దిక్కులు సుద్దతో గీసి పెట్టుకోండి.

వాటర్ ట్యాంకు మీద ఆరడుగుల కర్ర నిలబెట్టి, చివర మూరెడు పలచటి రిబ్బను కట్టండి. పిట్టగోడ పక్కన కట్టొద్దు, అక్కడ గాలి సుడి తిరుగుతుంది. సందులో చూసినా లాభం లేదు, గాలి సందు వెంటే పోతుంది. రిబ్బను కదలకపోతే అగరొత్తి వెలిగించండి. పొగ నిటారుగా లేస్తే గాలి స్తంభించినట్టే. పక్కకి వాలితే గంటకి 1 నుంచి 5 కిలోమీటర్లు. ముఖానికి గాలి తగిలి ఆకులు గలగలలాడితే 6 దాటింది.

ఊరు కొండల మధ్య గిన్నెలా ఉంది. ఉత్తరాన సింహాచలం, కైలాసగిరి వరస, దక్షిణాన యారాడ కొండ, మధ్యలో పోర్టు, పరిశ్రమలు. ఎండాకాలంలో, వానాకాలంలో ఎక్కువగా వీచే నైరుతి గాలి ఈ కొండల మధ్య దారి పట్టుకుని రిఫైనరీ, పోర్టు మీదుగా వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు వస్తుంది. అక్టోబరు తర్వాత ఈశాన్య గాలి తిరిగితే గాజువాక వైపు వాళ్లకి ఊరి పొగ తోడవుతుంది.

చలికాలం రాత్రి నేల త్వరగా చల్లబడి, కింద చల్లగాలి, పైన వెచ్చగాలి మూతలా పడుతుంది. గాలి కదలదు, పొగ ఆ మూత కిందే ఉండిపోతుంది. రాత్రి నేల మీద నుంచి సముద్రానికి మెల్లగా పోయిన పొగలో కొంత, మర్నాడు సముద్రపు గాలితో తిరిగి వస్తుంది. అందుకే సముద్రపు గాలి అనగానే శుభ్రమైనదని నమ్మేయకూడదు. ఎత్తయిన చిమ్నీ పొగ కూడా తీరం దగ్గర పైపైనే పోయి, ఎండకి వేడెక్కి కలియబడే గాలిలోకి చేరగానే కొన్ని కిలోమీటర్ల లోపల నేలకి దిగుతుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సాయంత్రం 7 నుంచి పొద్దున 9 వరకు రోడ్డు వైపు, యార్డు వైపు కిటికీలు మూసి, సముద్రపు గాలి నిలదొక్కుకున్నాక మధ్యాహ్నం 12 నుంచి 4 మధ్య తీయండి. నడక, వ్యాయామం కూడా తెల్లవారుజాము నుంచి సాయంత్రం 4 గంటలకి మార్చుకోవడం మేలు. మిగతా నెలల్లో రిబ్బను చెప్పినట్టు చేయండి: యార్డు వైపు నుంచి వీస్తుంటే ఆ వైపువి మూసి, ఎదురు వైపువి తెరవండి. గ్యాస్ పొయ్యి వెలుగుతున్నప్పుడు మాత్రం ఒక కిటికీ తీసే ఉంచాలి.

కిటికీ గట్టు మీద నల్లదుమ్ము ఏమిటో తేల్చుకోవాలంటే దాన్ని తెల్ల కాగితం మీదకి దులిపి, పాలిథిన్ కవరులో చుట్టిన అయస్కాంతం దగ్గరికి తీసుకెళ్లండి. గట్టిగా అంటితే ఇనుప రేణువులు. అంటకపోయినంత మాత్రాన ఖనిజం కాదనలేం, ఎందుకంటే ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుంచి విశాఖకి వచ్చే హెమటైట్ అనే ఇనుప ఖనిజాన్ని అయస్కాంతం చాలా బలహీనంగానే లాగుతుంది. వేలితో రుద్దితే ఎర్రటి గీత పడేది హెమటైట్, నల్లటి గీత బొగ్గు కావొచ్చు, మసి కావొచ్చు.

ఇంట్లో ధూళి కొలవడానికి చవక లేజర్ సెన్సర్ కొన్నవాళ్లు తేమ చూసుకోవాలి. తేమ 80 శాతం దాటితే ఉప్పు రేణువులు నీరు పీల్చి ఉబ్బుతాయి, సెన్సర్ వాటిని ధూళిగా లెక్కేసి ఎక్కువ చూపిస్తుంది. ఆ గంటల రీడింగులు పక్కన పెట్టండి.

ఫిర్యాదు పెట్టాలంటే ముందు నెల రోజులు నోటుబుక్కు రాయండి. పొద్దున 6, మధ్యాహ్నం 2, రాత్రి 9కి తేదీ, గాలి దిక్కు, వేగం, వాసన, దుమ్ము. నెలకి 90 వరసలు వస్తాయి. ఒకే దిక్కు గాలి వీచినప్పుడే దుమ్ము పడుతోందని అందులో తేలితే, గట్టు ఫొటోలు జతచేసి కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఇచ్చి, రసీదు తీసుకోండి.

ఘాటైన రసాయన వాసన వస్తే మాత్రం నోటుబుక్కు పక్కన పెట్టాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్ఆర్ వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరిన్ అనే రసాయనపు ఆవిరి గాలి కన్నా బరువైనది, నేలనంటి పాకింది. అలాంటప్పుడు గాలి వెళ్లే వైపు పరుగెత్తితే ఆవిరి వెంటే వస్తుంది. గాలికి అడ్డంగా పక్కకి తప్పుకుని, పల్లం వదిలి మెరక వైపు వెళ్లండి. ధూళికి పనికొచ్చే ఎన్95 మాస్కు ఈ ఆవిరిని ఆపదు. తడిగుడ్డ కూడా భరోసా కాదు. చోటు వదిలి దూరం వెళ్లాక 112కి ఫోన్ చేయండి.